చిన్నమ్మ చేతి భయం

మా చిన్నమ్మ పోయిందని చిన్నాయన ఫోన్ చేసినప్పుడు నేను ఎవరిదో నల్లకారు బానెట్ మీద పాలిష్ మెషిన్ ఆడిస్తున్నాను. ధర్మవరంలో, వాళ్లింట్లోనే, పొద్దున టీ తాగి గ్లాసు కింద పెడుతూ పక్కకు ఒరిగిందట. చిన్నాయన ఇంకా ఏదో చెబుతున్నాడు, నాకు వినబడలేదు. ఉన్న మాట చెప్పుకుంటే ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. మెషిన్ ఆపి కారు వైపు చూశాను. అంత కారు నేను ఈ జన్మలో కొనలేను. ఇకమీదట దానిమీద చెయ్యి వెయ్యడానికి ముందు నా పక్కన నిలబడేవాళ్లు ఎవరూ లేరు. అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. బత్తలపల్లెలో పుట్టి, ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి కోడలుగా పోయింది. పట్టుకు గిరాకీ తగ్గి ఇంట్లో మగ్గాలు ఆగిపోయిన రోజుల్లోనే నేను బెంగళూరులో కార్ల డీటెయిలింగ్ పని నేర్చుకుని వచ్చి, సోమందేపల్లె దగ్గర హైవే పక్కన షెడ్డు వేశాను. కార్లకు తళతళలు తెచ్చే పని అని చెబితే మా ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. కడిగేదానికి మనిషి కావాలంటే చిన్నమ్మ తనే వస్తానంది. పట్టుచీరలు నేసిన చెయ్యి టైర్లు కడుగుతుందా అని చుట్టాలు ఎగతాళి చేశారు. చీరైనా కారైనా దుమ్ము దుమ్మే గదా అని ఆమె నవ్వేసింది. మా ఇంట్లోనే ఉండి, వారానికోసారి ధర్మవరం పోయి వచ్చేది.

నవ్వేది గానీ, ఆమె అంత భయస్తురాలిని నేను చూడలేదు. ఏ కారు వచ్చినా ముందు చుట్టూ ఒకసారి తిరిగేది, పుట్ట చుట్టూ తిరిగినట్టు. తర్వాత చేతులకు పాతగుడ్డలు చుట్టుకునేది. ముత్తైదువ గాజులు తియ్యకూడదు, గాజు తగిలితే పెయింటుకు గీత. అందుకని మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా మెత్తటి గుడ్డ. తాళిబొట్టు రవికెలోపలికి తోసి, కొంగు బిగించి, అప్పుడు నీళ్లు పట్టేది. వచ్చినవాళ్లు ఏమమ్మా, దెబ్బ తగిలిందా అని అడిగేవాళ్లు. "చేతికి భయముంటే బండికి గీత పడదు" అనేది. ఈ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. విని విని విసుగొచ్చి, ఇదేం పిరికితనం అనుకునేవాణ్ని.

మా ఇద్దరి తగాదా అంతా సీసాల గురించే. నేను బెంగళూరు నుంచి విదేశీ సరుకు తెచ్చేవాణ్ని. నురగ షాంపూ, పెయింటు మీద గట్టి పొరలా పట్టే కోటింగు, చక్రాలకు ఒకటి, అద్దాలకు ఒకటి, మూతలు తెరిస్తే పండ్ల వాసన. చిన్నమ్మ అనంతపురం బజారులో దొరికే షాంపూ, డబ్బా వాక్సుతోనే అంతా చేసేది. ఖరీదైనది వాడితే భయం ఉండదు చిన్నమ్మా అని నేను, భయం లేకుంటే పనెట్లయితాది అని ఆమె. కస్టమర్ల ముందే వాదులాడుకునేవాళ్లం. వాళ్లకు అదొక వినోదం.

తేల్చుకుందామని మా సొంత పాత వ్యాను బానెట్ మధ్యలో టేపు అంటించి, ఒకపక్క నా కోటింగు, ఒకపక్క ఆమె వాక్సు పట్టించాం. అది ఉగాది తర్వాత, ఎండలు ముదిరే కాలం. కొత్తలో రెండు పక్కలా ఒకటే మెరుపు. చిన్నమ్మ నన్ను చూసి కండ్లు ఎగరేసేది. నెల తిరిగేసరికి ఆమె పక్క మసకబారి, మళ్లీ రాయవలసి వచ్చింది. ఆషాఢం గాలి మొదలయ్యాక మా సీమ దుమ్ము సంగతి తెలిసిందే కదా, ఎర్రగా లేచి రెండు పక్కలా సమానంగా కూర్చుంది. బోరునీళ్ల ఉప్పుమచ్చలు కూడా రెండు పక్కలా పడ్డాయి. కాకపోతే నా పక్కన తుడిస్తే పోయాయి, ఆమె పక్కన రుద్దవలసి వచ్చింది. పైగా ఒకసారి మిట్టమధ్యాహ్నం ఎండలో వాక్సు రాసి, అది నల్ల ప్లాస్టిక్ సందుల్లో తెల్లగా గడ్డకట్టుకుపోతే పండ్లు తోముకునే బ్రష్షు తీసుకుని సాయంత్రం దాకా గీకుతూ కూర్చుంది. నేను పక్కన నిలబడి నవ్వాను.

ఓడిపోయానని మొహం మాడ్చుకునే మనిషి కాదు. "దుడ్లు పెట్టిన పక్క బాగుండాది. ఎవురు గాదన్నారు? అయితే ఆ పక్క గూడా చెయ్యే తుడవాల గదా" అంది. ఆ రోజు నుంచి కస్టమర్లకు మేం చెప్పేది అదే. దుడ్లుంటే కోటింగు వేయించుకోండి, ఎండకు ఎక్కువ కాలం నిలుస్తుంది. లేకుంటే వాక్సు చాలు, మాటిమాటికి రావాలి. ఏది వేసినా శుభ్రంగా కడగకపోతే రెండూ దండగే.

ఆమెను తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది మాత్రం ఆ ఏడాది ఆయుధపూజ మరుసటి రోజు. 

మా షెడ్డున్న జాగా ఆ చుట్టుపక్కల పేరున్న ఒక పెద్దాయనది. ఆయన పొమ్మంటే పోవాల్సిందే, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన తండ్రిని చాలా ఏండ్ల కిందట పగవాళ్లు రోడ్డుమీద, కార్లోనే చంపేశారు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ రోజు ఆయన తన కొత్త తెల్లకారు వేసుకుని, వెనక ఇంకో బండి నిండా మనుషులతో వచ్చాడు. ఆ నెల్లోనే కూతురి పెండ్లి, కారు అద్దంలా ఉండాలన్నాడు. బానెట్ నిండా ముందురోజు పూజ పసుపు దట్టంగా పూసి ఉంది, మధ్యలో కుంకుమ బొట్లు.

పూజ చేసిన బండి వస్తే చిన్నమ్మకు ఒక పద్ధతి ఉండేది. ముందు ఉత్త నీళ్లతో తడిపి, తడిగుడ్డతో పసుపంతా మెల్లగా తీసి, ఆ నీళ్లు ఎవరూ తొక్కకుండా గన్నేరు మొక్క మొదట్లో పోసి, ఆ తర్వాతే సబ్బు ముట్టేది. ఆ రోజు అంతమంది చుట్టూ నిలబడి చూస్తుంటే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంత పెద్దమనిషి కారుకు బజారు షాంపూ ఏం బాగుంటుందని లోపలికొచ్చి, ఎన్నడూ ముట్టుకోని నా విదేశీ సీసా అందుకుంది. జిడ్డు మొత్తం ఒక్కదెబ్బకు తీసేసే ఘాటు నురగ అది. నేను ఇంకో బండిలో దూరి సీట్లు తీస్తున్నాను, చూడలేదు.

బయట మాటలు ఉన్నట్టుండి ఆగిపోతే వచ్చి చూశాను. కారంతా తెల్లటి నురగ. బానెట్ మీద ఆ నురగ లోపల్నుంచి ఎర్రగా అవుతోంది. చూస్తుండగానే చిక్కగా, ముదురుగా, లైట్ల మీదుగా నంబరు ప్లేటు మీదికి కారడం మొదలుపెట్టింది. తెల్లకారు ముందు భాగమంతా నెత్తురు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఉతుకు తెలిసిన ఇంట్లో ఎవరికి తెలియదు? నాకూ తెలుసు. ఆ క్షణాన మాత్రం అది పసుపని నా కండ్లు ఒప్పుకోలేదు. పెద్దాయన సరిగ్గా కారు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ముఖంలో చుక్క రక్తం లేదు. ఆయన మనుషుల్లో ఒకడు ఎవురే నువ్వు, ఏం జేసినావని అరుస్తూ చిన్నమ్మ మీదికి పోయాడు.  షెడ్డు పోతే పోయింది, ఆమెను ఏం చేస్తారో అనుకున్నాను.

చిన్నమ్మ చేతిలోని నురగ కొట్టే గన్ను కిందపడేసి, ఆ అరిచేవాణ్ని దాటుకుని నేరుగా పెద్దాయన దగ్గరికి నడిచింది. ఆయన్ను ఎప్పుడూ సామీ అని పిలిచేది. ఆ రోజు నాయనా అంది.

"నెత్తురు గాదు నాయనా. పసుపు. సబ్బు తగిలింది, ఎర్రగయ్యింది, అంతే."

 ఆయన విన్నాడో లేదో తెలియలేదు. చిన్నమ్మ వెనక్కొచ్చి, బానెట్ మీది ఎర్ర నురగ దోసిట్లోకి తీసుకుని, ఆయన ముందు కింద కూర్చుని, తన పాదాల అంచుల వెంట బారుగా రాసుకుంది. రెండు కాళ్లకూ రాసుకుని చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టి చూపించింది.

"పారాణి. నీ కూతురి కాళ్లకు పెట్టేది ఇదే గదా. చూడు."

ఆయన చాలాసేపు ఆ పాదాలనే చూశాడు. తర్వాత అక్కడే బోర్లించి ఉన్న బకెట్ మీద కూలబడ్డాడు. నీళ్లు తెచ్చిస్తే తాగాడు. సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

"మా నాయన కారు గూడా తెల్లదేనమ్మా" అన్నాడు.

 ఆయన మనుషులందరూ తలలు తిప్పుకున్నారు. ఆయన పేరు చెబితే పిల్లలు అన్నం తింటారని అనుకునే ఊళ్లో పుట్టినవాణ్ని నేను. ఆయనకూ భయం ఉంటుందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. చిన్నమ్మ లేచి, ఉత్త నీళ్లు పట్టి కారంతా కడిగింది. బానెట్ మీద పలచటి మరక మిగిలితే, ఎండకు అదే పోతుందిలే అని చెప్పి పంపింది. పోయింది కూడా.

బండ్లు కనుమరుగయ్యాక చూస్తే చిన్నమ్మ షెడ్డు వెనక గోడకు ఆనుకుని కూర్చుని, గజగజ వణుకుతోంది. అంత ధైర్యం యాడనుంచి వచ్చింది చిన్నమ్మా అన్నాను.

"ధైర్యమా? నిలబడితే పడిపోతానని నడిచినా అబ్బీ" అంది.

నాకు ఒళ్లు మండిపోయి, ఆ సీసా తీసి హైవే మీదికి విసిరేస్తానన్నాను. విసరనివ్వలేదు. సీసా తప్పు కాదంది. ముందు నీళ్లు పొయ్యనిది తను. "భయమేస్తే చెయ్యి ఖరీదు దానిమీదికే పోతాది. నాది గూడా అట్లే పాయె" అంది. ఆ మాట తర్వాత నేను చాలామందిలో చూశాను. కొత్తకారు కొని మొదటి గీత పడినవాళ్లు, బ్యాంకు కంతులు కడుతూ కారు అద్దెకు తిప్పుకునేవాళ్లు, షెడ్డులోకి వస్తూనే అన్నిట్లోకీ ఖరీదైనది వెయ్యమంటారు. వాళ్లకు కావలసింది మెరుపు కాదు, "ఏమీ కాదులే" అని ఒకరు చెప్పడం. చిన్నమ్మ అది ఊరికే చెప్పేది. చెప్పి, తన వాక్సు డబ్బా తీసేది.

షెడ్డు అక్కడే ఉంది. పెద్దాయన ఆ తర్వాత కారు ఇంకెక్కడా కడిగించలేదు. చిన్నమ్మ ధర్మవరం పోయిన రోజు వస్తే, అమ్మ రానీ, మళ్లీ వస్తానని వెనక్కి తిప్పుకునిపోయేవాడు. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే, భయపడడం నేర్చుకున్నానని చెబుతాను. నాకు అన్నం పెడుతున్నది అదే. ఈ మాట ఆమె ఉండగా ఒక్కసారి చెప్పి ఉంటే బాగుండేది.

దినాలు అయిపోయిన మరుసటి రోజు షెడ్డు తెరిచాను. చెయ్యి దేనిమీదికీ పోలేదు. మెషిన్ ముట్టుకుంటే భయం, గుడ్డ పట్టుకుంటే భయం. మూసేసి ఇంటికి పోదామా అనుకుంటూ ఉండగా తెల్లకారు వచ్చి ఆగింది. పెద్దాయన ఒక్కడే దిగాడు, వెంట ఎవరూ లేరు. కారు నిండా ఎర్రదుమ్ము.

"అమ్మ లేదంట గదప్పా" అన్నాడు. "లేదన్నా" అన్నాను.  హైవే మీద ఇప్పుడు అద్దాల తలుపుల షాపులు రెండు వచ్చాయి. ఆయన అక్కడికి పోవచ్చు. పోలేదు. తాళాలు నా చేతిలో పెట్టి, కడుగు, నేను ఈడనే ఉంటానన్నాడు.

సబ్బు ముట్టకుండా ఉత్త నీళ్లు వదిలాను. మొదటి నీళ్లకు బానెట్ మీది మన్ను కరిగి, ఎర్రగా, చిక్కగా లైట్ల మీదుగా కారింది. ఆయన చెయ్యి వచ్చి నా భుజాన్ని పట్టుకుంది. వేళ్లు దిగబడేంత గట్టిగా పట్టుకున్నాడు. "మన్నేలే అన్నా" అన్నాను. పైపు తియ్యలేదు. నీళ్లు బంపరు కిందినుంచి సిమెంటు మీదికి, సిమెంటు మీదనుంచి రోడ్డు పక్క మట్టిలోకి పారుతున్నాయి. అవి తేటపడేదాకా ఇద్దరం వాటినే చూస్తూ నిలబడ్డాం.