అయ్యగారు కలిపిన గింజలు

సువార్త పోయింది గురువారం. ఆ పొద్దున కూడా ఎసరు పెట్టింది. బియ్యం కడిగే ముందు ఎప్పటిలాగే ఒక పిడికెడు తీసి, గూట్లో ఉన్న చిన్న కుండలో వేసింది. ఇద్దరం తిన్నాం. మధ్యాహ్నం ఛాతీలో మంటగా ఉందంది. ఆటో తాండూరు ఆస్పత్రికి చేరేసరికి నా భార్య లేదు.

ఆ పిడికెడు మా చర్చికి. మేం గుడి అనే అంటాం. ఆదివారం ఆ కుండ తీసుకెళ్లి ఒంపి రావాలి. రెండు ఆదివారాలు గడిచాయి. నేను ఒంపలేదు. ఆమె చేత్తో తీసిన ఆఖరి బియ్యం అవి... చేతులు రాలేదు.

అయినా ఆ కుండను చూస్తే ముందు నవ్వే వస్తుంది. ఎందుకో చెప్తాను.

మా చిన్నప్పుడు... నిజాం పాలన పోయి పదేళ్లు కావస్తున్న రోజుల్లో... మా గుడి అంటే నాలుగు గోడలే. రాయికి కరువు లేదు, తాండూరు కదా, ఎటు తవ్వినా నాపరాయే. దూలాలే లేవు. వానొస్తే ప్రార్థన అక్కడికి ఆగిపోయేది.

మాది మెన్నోనైట్ సంఘం. ఆ పేరు ఊళ్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. "కాగ్నల ముంచేటోళ్లు" అనేవారు. పసిపిల్లలకు నీళ్లు చిలకరించడం మాలో లేదు. పెద్దయ్యాక, తనంతట తాను నమ్మానని చెప్పినవాళ్లకే కాగ్నా నదిలో బాప్తిస్మం. మా నాన్నను ముంచిన రోజు ఒడ్డున బర్రెలు కడుగుతున్న ముసలాయన "జర జల్ది లేపుర్రి, సస్తడు!" అని అరిచాడట...

దూలాలు పిడికెడు గింజలతోనే రావాలి. ప్రతి ఇంట్లో, వంటకు కొలిచిన గింజల్లోంచి ఆడవాళ్లు ఒక పిడికెడు పక్కన పెట్టేవారు. జొన్నలు, కందులు, ఎప్పుడైనా బియ్యం. గుడిలో మూడు గంపలు ఉండేవి. ఏ గింజ ఆ గంపలోనే. నిండాక బజార్లో సేటుకు అమ్మేవారు.

ఆ ఏడు వానలకు ముందే కప్పు వేయాలని పెద్దల పట్టుదల. ఎండాకాలమంతా కూడబెట్టిన గింజలతో గంపలు నిండాయి. సరిగ్గా అప్పుడే వికారాబాద్ నుంచి కొత్త అయ్యగారు వచ్చారు... అంటే పాస్టరు గారు.

మొదటి ఆదివారం ప్రసంగం... క్రీస్తులో మనమంతా ఒక్కటే అని. చాలా బాగా చెప్పారు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. ఆ ఊపులోనే నడిచొచ్చి, మూడు గంపలూ ఒకే గోనెసంచిలో గుమ్మరించారు.

ఆడవాళ్ల వైపు నుంచి ఒక్కసారిగా "అయ్యో దేవుడా!"

సువార్త వాళ్లమ్మ ఎస్తేరమ్మ లేచింది. ఎవరికీ జంకే మనిషి కాదు. "అయ్యగారూ, మనుషులం మేం కలుస్తం. జొన్నలు, బియ్యం కలుస్తయా? గిప్పుడు సేటు కొంటడా గిది?"

సేటు కొనలేదు. సంచిలో చెయ్యి పెట్టి, గింజలను వేళ్ల సందుల్లోంచి జారవిడిచి, "గిది దేవునికా, కోళ్లకా?" అన్నాడు. మళ్లీ తనే, "గింజ మంచిగనే ఉన్నది. ఏరి తెండ్రి, తీస్కుంట" అని రెండు జల్లెడలు ఇచ్చి పంపాడు.

మర్నాడు సంఘమంతా ఆ కప్పులేని గుడిలోనే కూర్చుంది. కందులు జల్లెడలో నిలిచిపోయాయి, అది తేలిక. జొన్నలూ బియ్యమూ చేత్తో ఏరాల్సిందే. ఆడా మగా వేరువేరుగా కూర్చునే గుడి మాది. ఆ రోజు మాత్రం ఎక్కడ చాట దొరికితే అక్కడే... నా చాటకు అవతలి వైపు సువార్త కూర్చుంది. రెండు జడలు, ముక్కు మీద పొట్టు.

"నువ్వు జొన్నలేరు, నేను బియ్యమేర్త" అంది.

"జొన్నలే మస్తుగున్నయి గదా!"

"గందుకే గద నీకిచ్చిన."

అయ్యగారు కూడా చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఆయన ఏరిన కుప్పను ఎస్తేరమ్మ వంగి చూసింది. "అయ్యగారూ... జొన్నలు తీస్కపోయి బియ్యంల పోసిన్రు! మల్ల ఒక్కటి చేసిన్రు!" గుడి ఘొల్లుమంది. అయ్యగారికి నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి. కర్ణాటక సరిహద్దు కదా, ఎవరో కన్నడలో పాట ఎత్తుకున్నారు, మేం తెలుగులో అందుకున్నాం...

ఇక ఏరలేక మిగిలినవి సాయంత్రం గుండిగలో వేసి ఉడికించారు. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ. అంతే. అంత రుచిగా మళ్లీ ఎక్కడా తినలేదు.

వానలకు ముందే దూలాలు ఎక్కాయి. తొలి వాన పడిన ఆదివారం అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపి పైకి చూశారు. మేమూ చూశాం. ఒక్క చుక్క కారలేదు. ఎవరూ అడక్కుండానే అందరం "ఆమేన్" అన్నాం.

ఆ కప్పు కిందే తర్వాత మా పెళ్లి జరిగింది. నేను వంటింట్లో ఏ డబ్బా ముట్టినా సువార్త ఒకటే మాట... "చూసి పొయ్యి, అయ్యగారి లెక్క కలుపకు." బతికినన్నాళ్లూ అంది. చివరి గురువారం కూడా అంది.

ఇప్పుడు గుడిలో కానుకల కవర్లు వచ్చాయి. ఫోనులో పంపేవాళ్లూ ఉన్నారు. మంచిదే. గంపలు మాత్రం లేవు, మూలన ఒక చిన్న డబ్బా ఉంది. అందులో ఒంపేవాళ్లం మేమే ఒకరిద్దరం... మీ ఇళ్లలో పిడికెడు తీసేవారా? ఎవరు తీసేవారు? రాయండి, చదువుతాను.

మా బిడ్డ ఇన్నాళ్లూ ఉండి వండిపెట్టింది. నిన్న తన ఇంటికి వెళ్లింది. ఇక వంట నాదే.

రేపు ఆదివారం. పొద్దున లేచి ఎసరు పెడతాను. ఒక పిడికెడు బియ్యం తీసి ఆమె కుండలో, ఆమె బియ్యం మీదే వేసి కలుపుతాను. ఏవి ఆమెవో, ఏవి నావో... ఇక ఎవరూ ఏరలేరు.

తర్వాత గుడికి వెళ్లి ఒంపి వస్తాను.