రాగిమూటల కోసం చూసిన ఇల్లు

మొన్న మా మనవరాలు పూనాలో ఉద్యోగం వచ్చిందని ఇల్లు వెతుక్కుంటూ, నా మంచం పక్కనే కూర్చుని ఫోనులో ఒక ఇంటి యజమానురాలితో మాట్లాడింది. అవతల ఆవిడ ఏమడిగిందో నాకు వినపడలేదు గాని, ముందురోజే నా చేతి కోడికూర మారు వడ్డించుకుని తిన్న ఈ పిల్ల, ఎంతో వినయంగా మేము ప్యూర్ వెజిటేరియన్ ఆంటీ అని చెప్పి, మేం ఫలానా వాళ్ళమని కులం పేరు కూడా అప్పజెప్పి, ఇల్లు ఖాయమయిందని నాకేసి చూసి నవ్వింది. నేను సంతోషించాలి. సంతోషించలేకపోగా, లేచి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చాను. పాపం, ఆ పిల్లకి నా మొహం ఎందుకలా అయిందో తెలియక మాత్ర వేసుకున్నావా అవ్వా అని అడిగింది. మా చిత్తూరు జిల్లా పడమటి మెట్టల నుంచి బతుకుతెరువు కోసం బెంగుళూరు చేరిన నా ఈడువాళ్ళకైతే ఈ రోత గురించి ఇంత విడమరచి చెప్పే పనుండదు.

నేను పుట్టింది నిమ్మనపల్లెలో, మెట్టింది పుంగనూరు పక్కన సోమలలో. డెబ్బయ్యో దశకం చివర్లో మా ఆయనకి బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగమయింది. మొదట్లో కుప్పంలో వాళ్ళ మేనత్త ఇంట్లో మమ్మల్ని ఉంచారు. ఆయన తెల్లవారకముందే రైలెక్కి, శాంతిపురం వైపు నుంచి పనులకు పోయే మనుషుల మధ్య ఒంటికాలి మీద నిలబడి బెంగుళూరు పోయి, మళ్ళీ దీపాలు పెట్టాక ఎంతోసేపటికి ఇల్లు చేరేవాడు. కొత్త కాపురమన్న మాటే గాని మొగుడి మొహం నేను సరిగ్గా చూసేది ఆదివారాలే. అట్లా కొన్నాళ్ళు గడిచి, నాకు నెలతప్పి, వేవిళ్ళు మొదలయ్యాక, ఇంక కాపురం బెంగుళూరులోనే పెట్టించాలని మా మామగారు తీర్మానించారు. తీర్మానించి, ఇల్లు చూసే పని కూడా తానే నెత్తినేసుకున్నారు.

మా వైపు రైతులు బెంగుళూరులో ఇల్లు చూసే తీరు ఇప్పటి వాళ్ళకి చెబితే నవ్వుతారు. నీళ్ళు వస్తాయా, గాలి ఆడుతుందా, పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలి అన్నవి వాళ్ళకి లెక్కలోకి వచ్చే సంగతులు కావు. పుంగనూరు బస్సు ఎక్కడ ఆగుతుంది, బస్సు టాపు మీద నుంచి దించిన మూట అక్కడి నుంచి ఎంత దూరం మోయాలి, అదొక్కటే కొలత. సేద్యం చేసే ఇంట పుట్టినవాడు అంగట్లో రాగులు కొని తినడమా అని వాళ్ళకి చచ్చేంత నామోషీ. కొడుకు బెంగుళూరులో దొర ఉద్యోగం చేస్తున్నా సరే, రాగులూ ఉలవలూ చింతపండూ చెనక్కాయలూ సోమల నుంచే రావాలి. దాంతో ఆ బస్సు దిగేచోటు చుట్టుపక్కల సందులన్నీ మావైపు జనంతోనే నిండిపోయాయి. రెండో కొలత ఇంకొకటుండేది, దాన్ని ఎవరూ పైకి చెప్పేవాళ్ళు కాదు. ఇంటివాడు మనవాడేనా కాదా అన్నది ఆ కొలత.

మామగారు ఇల్లు చూడ్డానికి బయలుదేరిన రోజు నేనూ వస్తానని పట్టుబట్టి వెంటపడ్డాను. మొదట చూసిన ఇల్లు మా ఆయనతో పనిచేసేవాళ్ళెవరో చెప్పినది. ఊరికి ఒక అంచున ఉంది, కింద ఒక తురక వితంతువు పదేళ్ళ కూతురితో ఉంటూ కుట్టుపని చేసుకుంటోంది, పైన మేడ ఖాళీ. మేడకి సొంత కొళాయి, సొంత మరుగుదొడ్డి, రెండు వైపులా కిటికీలు. ఆవిడ పుట్టిల్లు మదనపల్లె అని తెలిసేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. తెలుగు మా మాదిరే మాట్లాడుతోంది. మేము ఫలానా అని మేం చెప్పబోతే కూడా వినిపించుకోకుండా, నా మొహం చూసి ఎన్నో నెలమ్మా అని అడిగి, లోపలికి పోయి ఎండు ఉసిరిముక్క తెచ్చి నోట్లో వేసుకోమంది. మా మామగారు మేడ మెట్లు కూడా ఎక్కలేదు. గుమ్మంలోనే నిలబడి, ఇల్లు బాగుండాది గాని బస్సు దూరమమ్మా అన్నారు. ఆ దూరం ఎంతో అడిగి తెలుసుకోకుండానే అన్నారు.

తరువాత చూసిందే మా కాపురం పెట్టిన వఠారం. ఇంటివాడు మా కులంవాడు, పలమనేరు దగ్గరివాడు, మాటల్లో మా మామగారి మేనమామకి ఏదో వరస కూడా తేలింది. ఇంకేముంది, కాఫీలు తాగి, ఇల్లు చూడకముందే ఇల్లు కుదిరిపోయింది. వెనక తలుపు తీస్తే పెద్ద మోరీ. మార్కెట్టులోని కుళ్ళిన కూరగాయలూ, కబేళా కడిగిన నీళ్ళూ, వఠారం మొత్తానికి ఉన్న ఒక్క మరుగుదొడ్డీ, అన్నీ కలిసేది అందులోనే. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే, రెండు రోజులైతే అలవాటవుతుందిలే అని ఇంటివాడి భార్య నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలవాటు కాలేదు. పొద్దున్నే చెంబు పట్టుకుని వరసలో నిలబడాలి, నా ముందు పోయివచ్చినవాళ్ళు నీళ్ళు పోసి రారు. వాంతి చేసుకోవడానికి కూడా వంతు కోసం చూడాల్సిన బతుకయింది. అన్నం ముద్ద నోటి దగ్గరికి పోతే ఆ మోరీ వాసన ముందు పోయేది. ఉన్న ఒక్క గదిలో సగం మూటలే. సోమల నుంచి నెలనెలా దిగే రాగులకు పురుగు పట్టి, గోడల మీదికి, పక్కబట్టల్లోకి, చివరికి నా జడలోకి పాకేది. మూటల వెనక ఎలుకలు పిల్లలు పెట్టాయి. ఇంతా చేసి ఆ రాగులు తినడానికి నా కడుపులో ఏదీ నిలిచేది కాదు. ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను చూసి, ఇట్లాగే ఉంటే కడుపులో బిడ్డ నిలవదని మా ఆయనతో గట్టిగా చెప్పింది. ఆయన తలవంచుకుని విని, ఇంటికొచ్చి, పోయి నాన్ననడిగి వస్తానన్నారు. ఆ మాటతో నాకు ఆ మోరీ కంటే ఆయనే ఎక్కువ రోతనిపించాడు.

మరునాడు ఆయన డ్యూటీకి పోగానే నేను ఒక రేకు పెట్టెలో రెండు చీరలూ వంట గిన్నెలూ సర్దుకుని, జట్కా మాట్లాడుకుని, మొదట చూసిన ఆ మేడ దగ్గర దిగాను. పెట్టె ఆవిడే పైకి మోసింది. సాయంత్రం మా ఆయన వఠారంలో నన్ను వెతుక్కుని, అక్కడ లేనని తెలిసి, సైకిలు తొక్కుకుంటూ వచ్చి మెట్ల కింద నిలబడితే, పైకి రా అన్నా, చాయ్ అయిపోతాండాది అని ఆవిడ కూతురు పిలిచింది. ఆయన పైకొచ్చారు. తరువాత తొమ్మిదేళ్ళ పాటు మేం ఆ మేడలోనే ఉన్నాం.

ఆవిడని మేము ఖాలా అనేవాళ్ళం, వాళ్ళ భాషలో పిన్నమ్మ అని. నా బిడ్డ ఆమె చేతుల్లోనే పెరిగింది. ఆమె కూతురు నా బిడ్డని చంకనేసుకుని వీధంతా తిప్పేది, రాత్రి మా ఆయన ముందు కూర్చుని లెక్కలు చెప్పించుకునేది. మా మామగారు మాత్రం ఆ గడప తొక్కలేదు. మనవరాలిని చూడాలని ఉంటుంది, కాబట్టి మూటతో వచ్చి వీధి మొదట్లో నిలబడి కబురంపేవారు. పెద్దాయన ఎండలో నిలబడ్డారని ఖాలా కుర్చీ పంపేది. ఆయన ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దులాడి, మంచినీళ్ళు మాత్రం మూలనున్న టీ అంగట్లో తాగిపోయేవారు. కుర్చీకి లేని మైల నీళ్ళకెందుకుందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఎనభయ్యో దశకం చివర్లో మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలి మదనపల్లెలో సొంతంగా చిన్న వర్కుషాపు పెట్టుకున్నారు. ఇల్లు కట్టుకున్నాం, పైన మేడ వేశాం. మేడ పని పూర్తయి సున్నం వాసన కూడా పోకముందే, ఒక ఆదివారం పొద్దున ఖాలా కూతురు వచ్చింది. నర్సు చదువు చదివి, మదనపల్లెలోనే ఒక ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. అమ్మ పుట్టిన ఊరు గదా అని సంబరంగా చెబుతూ, నా చేతి కాఫీ తాగుతూ, అక్కా, మేడ ఖాళీగా ఉండాదంట గదా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపల మా ఆయన, అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకి మాటిచ్చేసినామమ్మా అన్నారు. ఎంత మెత్తగా అన్నారో చెప్పలేను.

నేను అక్కడే ఉన్నాను. ఎవరికీ మాటివ్వలేదు, మేడ నీదే, సామాను తెచ్చుకో అని గట్టిగానే అన్నాను. ఆ పిల్ల మా ఇద్దరి మొహాలూ చూసింది. ఇరవయ్యేళ్ళ పిల్ల, తొమ్మిదేళ్ళు మా ఇంట్లో తిరిగిన పిల్ల, ఆమెకి అర్థం కానిదేముంటుంది. కాఫీ వదిలెయ్యకుండా మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఆసుపత్రికి దగ్గర్లో చూసుకుంటానులే అక్కా అని వెళ్ళిపోయింది. గేటు దాకా వెళ్ళి బతిమాలాను. రాలేదు.

ఆ రోజు నేను మా ఆయన్ని నిలదీశాను. ఆయన కోప్పడనైనా లేదు. నాకేం పట్టింపు లేదు, సోమల నుంచి మనోళ్ళు వస్తాపోతా ఉంటారు, రేపు పాపకి సంబంధాలు సూడాల, వాళ్ళేమనుకుంటారోనని అన్నాను అంతే, అన్నారు. ఆయన చెడ్డవాడైతే నాకింత అసహ్యం వేసేది కాదు. ఆ పిల్లకి లెక్కలు చెప్పిన మనిషి, ఖాలాకి జ్వరమొస్తే ఆసుపత్రికి మోసుకుపోయిన మనిషి, అట్లాంటి మనిషి నోట ఆ అబద్ధం అంత నున్నగా వచ్చిందే అని నాకు కంపరమెత్తింది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ మేడని నేను ఎవరికీ అద్దెకు ఇవ్వనివ్వలేదు. ఎంతమంది మనవాళ్ళొచ్చి అడిగినా సరే. ఎందుకని ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. పావురాలు గూళ్ళు పెట్టి రెట్టలు వేస్తే నేనే వెళ్ళి కడిగేదాన్ని.

ఆ పిల్ల వచ్చివెళ్ళిన కొన్ని నెలలకి, కూతుర్ని చూడ్డానికి ఖాలా మదనపల్లె వచ్చి, మా ఇంటికీ వచ్చింది. ఎప్పటిలాగే నా మొహం పట్టుకుని చూసి, చిక్కిపోయినావే అంది. నేను ఏడుపు ఆపుకోలేక జరిగింది చెప్పబోతే, నాకు తెలుసులే అన్నట్టు నా చేతి మీద తట్టింది.

"నా బిడ్డకి మీ ఇంట్లో చోటు దొరకలేదని మా వాళ్ళెవరికీ చెప్పలేదమ్మా. చెప్తే నీ మొగుణ్ణి తప్పుగా అనుకుంటారు."

అంతకు మించి ఆ సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది, మా ఆయనా పోయారు. నా చిన్నప్పుడు నిమ్మనపల్లె నుంచి సంతకి వస్తే, మదనపల్లె వీధుల్లో ఎవరి గోడ ఎవరిదో తెలిసేది కాదు. ఒకరి పెరట్లో ఆరేసిన బట్టలు గాలికి ఇంకొకరి పెరట్లో పడేవి, తిట్టుకుంటూనే తెచ్చిచ్చేవాళ్ళు. ఇప్పుడు కాలనీకొక కమాను, కమాను లోపల ఒకే రకం మనుషులు. ఇప్పుడు ఇల్లు లేదని ఎవరూ ఎవరి మొహం మీదా అబద్ధం చెప్పనక్కరలేదు, ఎక్కడ అడగకూడదో అందరికీ ముందే తెలుసు. కాదంటారేమోనన్న అనుమానం కూడా లేకుండా, నవ్వుమొహంతో మా గడపలోకొచ్చి ఇల్లడిగిన, మనవాళ్ళలో లేని చివరి మనిషి ఖాలా కూతురు.