కదిలిన చెయ్యి

అమెరికాలోని డులూత్ ఊరి లైబ్రరీలో ఫొటోలు దిద్దడం నేర్చుకుంటున్న డొరీన్‌కి అరవై ఆరేళ్లు. కళ్లద్దాలు ముక్కు కొనకు జార్చి, మౌసుని పిట్టపిల్లలా పట్టుకుంటుంది; ఏది నొక్కాలన్నా ముందు ఊపిరి బిగబడుతుంది. ఆగి ఉన్నదాన్ని పరుగెడుతున్నట్టు చూపడం ఈ వారం పాఠం. రోజూ నడిపే స్కూలు బస్సుని ఇంటిముందు ఆపి, స్టీరింగు పట్టుకుని కూర్చున్న మొగుడు మెర్ల్‌ని ఫొటో తీసి తెచ్చింది. కిటికీ అవతలి చెట్లను సాగదీసి అలికింది.

"చెట్లు బాగా కుదిరాయండీ," అంది పాఠం చెప్పే టామ్సిన్. "చేతిని కూడా ఎందుకు అలికేశారు? డ్రైవరు చెయ్యి నిలకడగా ఉంటేనే కదా బస్సు కదిలినట్టుండేది." "చేతిని నేను ముట్టుకోలేదమ్మా." టామ్సిన్ అసలు ఫొటో తెరిచింది. చొక్కా గుండీల దారం కూడా స్పష్టంగా ఉంది. స్టీరింగు మీది కుడిచెయ్యి ఒక్కటే కదిలిపోయి పొగలా ఉంది. ఈమధ్య మెర్ల్ కాఫీ సగం కప్పే పోయమంటున్నాడు, ఆ గుండీలు ఆమెనే పెట్టమంటున్నాడు. ఈ వయసులో గారాలు పోతున్నాడనుకుంది ఇన్నాళ్లూ. "సరిచెయ్యనా? ఒక్క నొక్కుతో చెయ్యి నిలబడుతుంది," అంది టామ్సిన్. డొరీన్ గోడగడియారం చూసింది. మూడు దాటింది, బడి పిల్లలంతా బస్సెక్కేసి ఉంటారు. మెర్ల్‌కి ఫోను చేసింది. మోగుతూనే ఉంది. స్టీరింగు మీద చెయ్యి ఉండగా మెర్ల్ ఏనాడూ ఫోను ఎత్తడు.