పెంచడానికి ఇన్ని మాటలా!

దర్శి చుట్టుపక్కల మిరప చేలల్లో ప్రేమమ్మ నోటికి జడవని మనిషి లేడు. ఎకరం మిరప, ఒక గేదె, చనిపోయిన చెల్లెలి కూతురు అఖిల. ఆవిడ సంసారమంతా అంతే. ఎవరు ఏది అడిగినా ఒకటే జవాబు. "నారు నేనే పెంచా. గేదెను నేనే పెంచా. పిల్లనీ నేనే పెంచా." ఆ మాట అనేటప్పుడు మెడ కాస్త నిక్కించి మరీ అంటుంది. అనదా మరి! పాలు తాగే పిల్లను చంకనేసుకుని కాయ కోతకు పోయిన మనిషి.

అంతటి ప్రేమమ్మకూ ఒక గండం వచ్చిపడింది. ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. దర్శిలో ఇంగ్లీషు మీడియంలో వేద్దామంటే ఆరో తరగతిలో ఒకే ఒక్క సీటు ఉందట. పైగా పెద్దవాళ్లు కూడా వచ్చి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలట! పిల్ల ఎలాగూ గడగడా చెప్పేస్తుంది. తనవల్ల సీటు పోతేనో? ఆ దిగులుతో ప్రేమమ్మకు ముద్ద దిగలేదు.

పక్కింటి నగ్మా డిగ్రీ చదువుతోంది. పెంచడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పమని ఆ పిల్లను పట్టుకుంది.

"అత్తా, మిరపకైతే గ్రో అను. పిల్లకు మాత్రం బ్రింగ్ అప్ అనాలి."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఒక్క పెంచడానికి ఇన్ని మాటలా? ఇంతకీ అదేంటే?"

"బ్రింగ్ అంటే తేవడం, అప్ అంటే పైకి."

ప్రేమమ్మ బుగ్గన వేలేసుకుంది. "పైకి తేవడమా? పిల్ల ఇంకా ఐదోదే గదే! అప్పుడే దాన్ని పైకి తెచ్చేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నగ్మా ఎంత మొత్తుకున్నా ఆవిడకు ఆ మాట మింగుడు పడలేదు.

బడిలో ప్రిన్సిపాల్ శివపార్వతి ఇద్దరినీ కూర్చోబెట్టి, మీ గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగింది.

"ఐ గ్రో చిల్లీ," అంది ప్రేమమ్మ ఖంగుమని. ఆ తర్వాత బ్రింగ్ నాలిక చివరిదాకా వచ్చింది. అబద్ధమాడినట్టు అనిపించి దాన్ని మింగేసి, తెలిసిన గ్రోకే అప్ తగిలించింది. "ఐ గ్రో అప్... విత్ అఖిల."

"పెద్దమ్మా!" అని అఖిల మోచేత్తో పొడిచింది. మేడం నవ్వు ఆపుకుంటూ తెలుగులోకి దిగింది. "అది తప్పమ్మా. ఈ పిల్లతో కలిసి నేనూ పెరిగి పెద్దదాన్నవుతున్నా అన్నారు మీరు."

ఇక అయిపోయింది అనుకుంది ప్రేమమ్మ. సీటు పోయినట్టే. కానీ మేడం చెప్పిన మాట లోపల ఒకసారి అనుకుని చూసుకుంది. మళ్లీ మెడ నిక్కింది.

"తప్పెట్టా అవుద్దండీ? ఇది బడికి పోయేనాటికి నాకు అ ఆలు కూడా రావు. ఇది పలక మీద దిద్దుతుంటే పక్కన కూచుని నేనూ దిద్దా. ఎక్కాలు దీంతోపాటే అప్పజెప్పా. నా ఒళ్లు అంతకుముందే పెరిగింది, బుర్ర పెరిగింది మాత్రం దీంతోనే. ఇద్దరం కలిసే పెరుగుతున్నామండీ!"

మేడం ఈసారి నవ్వు ఆపుకోలేదు. "సీటు మీ పిల్లదేనమ్మా. కానీ ఉన్నది ఒక్కటే. మీ ఇద్దరికీ ఎట్లా సరిపోతుంది?"

"దానికిచ్చారుగా, చాలు," అంది ప్రేమమ్మ పమిట సర్దుకుంటూ. "సాయంత్రం ఇంటికొచ్చి నాకు చెప్పుద్ది."