గేరుబాక్సులో కొత్త నూనె

ఫరీదాబాద్‌లో ఒక బిస్కెట్ ఫ్యాక్టరీకి మెయింటెనెన్సు ఇంజనీరుగా పనిచేసిన రోజుల్లో నన్ను కుదురుగా ఉండనివ్వని యంత్రం పిండి కలిపే పాత మిక్సర్. మైదా, వనస్పతి, చక్కెర పాకం వేస్తే లోపలి రెండు వంకర కత్తులు కలిపి ముద్ద చేస్తాయి. తరువాత తొట్టి మొత్తం ముందుకు వంగి ఆ ముద్దను ట్రాలీలోకి దింపాలి. వంగిన తొట్టి బరువంతా ఒక కంచు గేరు పళ్ల మీదే ఆగుతుంది. కంచు మెత్తనిది కాబట్టి పక్కనున్న ఉక్కుకు బదులు తాను అరుగుతుంది. ఎంత అరిగిందో విప్పి చూడాలంటే పని ఆపాలి. పని ఆపడమంటే మా మేనేజర్‌కు చావు కబురు విన్నట్టే.

అందుకని నూనె చూసేవాళ్లం. గేరుబాక్సు అడుగు బోల్టు వదులు చేసి, నాలుగు చుక్కలు తెల్లగుడ్డ మీద పట్టి, ఎండలోకి తీసుకెళ్లడమే. పసుపుపచ్చగా తళుక్కుమంటే అది అరిగిన కంచు పొడి. ఆ ఏడు ఎండాకాలం నుంచి తళుకు పెరుగుతూ వచ్చింది. వానలు పడేసరికి గుడ్డ పెళ్లికూతురి చీర అంచులా మెరిసింది. కొత్త గేరు తెప్పించమని మేనేజర్‌ను పోరుపెట్టాను. దీపావళి ఆర్డర్లు అయిపోనీ, తరువాత చూద్దాం అన్నాడాయన.

మిక్సర్ నడిపేవాడు శ్రీకాకుళం మనిషి. నేను తెలుగువాణ్నని తెలిశాక సార్ అనడం మానేసి బాబూ అని పిలిచేవాడు. తొట్టి వంచాక అడుగున అంటుకున్న పిండిని చెయ్యి పెట్టి గీకేది అతడే. గేరు పోతే పోయేది అతడి చెయ్యి. ఈ మాట మేనేజర్‌తోనూ అన్నాను, అతడితోనూ అన్నాను.

"ఏటి సేత్తాం బాబూ, పిండి గీకాల గదా," అనేవాడు.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఆ వైపు ఫ్యాక్టరీల్లో యంత్రాలే దేవుళ్లు. తోమి, రంగేసి, బొట్టు పెట్టి, దండలు వేసి, లడ్డూలు పంచుతారు. మా ఫిట్టర్ మిస్త్రీ మహా భక్తుడు. దేవుడికి మాసిన బట్ట కడతామా అని అన్ని గేరుబాక్సుల్లో పాత నూనె పారబోసి కొత్తది నింపాడు. ఏటా చేసేదే. గేరు బాగున్నన్నాళ్లూ దానివల్ల ఏ చెరుపూ జరగలేదు.

మర్నాడు మేనేజర్ తానే దగ్గరుండి బోల్టు వదులు చేయించాడు. గుడ్డ మీద నూనె తేనెలా ఉంది.

"దేఖియే సాబ్, ఏక్‌దమ్ సాఫ్," అన్నాడు మిస్త్రీ గర్వంగా.

"అచ్ఛా. ఇక గేరు సంగతి ఎత్తకండి," అన్నాడు మేనేజర్ నాతో.

అది నిన్న పోసిన నూనె, స్నానం చేయిస్తే రోగం పోతుందా అని అందరి ముందూ గొంతు పెంచాను. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. కళ్లు మూసుకోవడానికి ఒక సాకు కావాలి, అది దేవుడి పేరుతో దొరికింది. నిద్రపోయేవాణ్ని లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ని లేపలేం.

దసరా రాకముందే ఒక మధ్యాహ్నం, తొట్టి వంగి ఉండగా, గేరు పళ్లు తెగాయి. తొట్టి వెనక్కి పడింది. అతడి కుడిచెయ్యి తొట్టి అంచుకూ ఫ్రేముకూ మధ్య ఉంది. ఆస్పత్రిలో మోచేతి పైదాకా తీసేశారు. నేను షెడ్డు అవతల ఉండటంవల్ల ఆ కేక వినలేదు. విననందుకు ఇప్పటికీ సంతోషిస్తాను, ఆ సంతోషం తలచుకుంటే రోత పుడుతుంది.

యాజమాన్యం దయ తలచింది. అతడి ఉద్యోగం అతడి తమ్ముడికి ఇచ్చింది, అదే మిక్సర్ మీద. కొత్త గేరు ఇప్పట్లో రాదని, తెగిన పళ్ల చోట కంచు పోసి అతుకు వేయించింది. నడపొద్దని నేను మొత్తుకున్నాను. నడిపారు.

ఆస్పత్రికి వెళ్తే అతడు మొదట అడిగింది అదే.

"గేరు మార్సీసేరా బాబూ?"

"లేదు. అతుకేశారు. ఎక్కువ రోజులు నిలవదు."

ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. "మా తమ్ముడికి సెప్పకండి బాబూ. తెలిస్తే ఆడు పనిలోకి ఎల్లడు. ఇంటిల్లిపాదీ ఇప్పుడు ఆడి మీదే బతకాల."

నేను మాట ఇవ్వలేదు. మర్నాడు షిఫ్టు మొదలవకముందే తమ్ముణ్ని పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అతడు తల వంచుకుని విన్నాడు.

"తెలుసు బాబూ. అతుకేసినప్పుడు నానక్కడే ఉన్నాను. మా అన్నకి మాత్రం సెప్పకండి. తెలిస్తే నన్ను పనిలోకి రానీడు."

ఆ మాట అని, చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుంటూ మిక్సర్ దగ్గరికి నడిచాడు.