సైకిలు దొరలకి అత్త పెట్టిన ఉప్మా

సైకిలు తొక్కేవాళ్లంతా మంచివాళ్లని నేను నమ్మేవాణ్ణి. నవ్వకండి. ఆదివారం తెల్లారకముందే లేచి, పొగ కక్కకుండా, చెమటోడ్చి పల్లెటూళ్లకి పోయేవాళ్లు చెడ్డవాళ్లెలా అవుతారు? భవానీపూర్‌లో మా ఆఫీసు పక్క ఆఫీసాయన నన్ను ఆ జట్టులో చేర్చాడు. ఆయనే మాకు పెద్ద, అందరం దాదా అనేవాళ్లం, అంటే బెంగాలీలో అన్నయ్య. చెట్టూ చేమా గురించి ఆయన మాట్లాడుతుంటే నోరు వెళ్లబెట్టుకుని వినేవాణ్ణి.

ఊరు దాటాక టిఫినుకి ఆగే చోటు నేనే చూపించాను. అది మా మేనత్త ఇల్లు. మామయ్య ఓడరేవు డాకులో పనిచేసినన్నాళ్లూ వాళ్లది నగరంలోనే, ఏక్‌బాల్‌పూర్‌లో ఇరుకు గదిలో కాపురం. ఆయన పోయాక అత్త ఆ పల్లెలో, ఒక బెంగాలీ పెద్దాయన చేపల చెరువు పక్కన, ఆయనదే చిన్న ఇల్లు అద్దెకి తీసుకుంది. గట్టు మీద తోటకూర, వంగ వేసుకుంది. శ్రీకాకుళం వదిలి వచ్చాక ఇన్నాళ్లకి ఊపిరాడుతోందని నాతో అనేది.

మొదటి ఆదివారం అందరికీ విస్తళ్లలో ఉప్మా పెట్టింది. తిని లేచి ఎవరి విస్తరి వాళ్లు మడవబోతుంటే అత్త మనసు చివుక్కుమంది. ఇంటికొచ్చినవాళ్ల చేత ఎంగిలాకు ఎత్తించడం మా వాళ్లలో పెద్ద తలవంపు.

"ఇంటికొచ్చినోళ్లు ఇస్తరెత్తడమేటిరా? ఒగ్గీమను. నాను తీస్తాను" అంది నాతో.

వదిలేయమంటోందని నేను అదే బెంగాలీలో చెప్పాను. అంతే, వాళ్లకి అది రాసిచ్చిన పట్టా అయిపోయింది. అత్త అన్నది ఆకుల మాట. వీళ్లు నీళ్ల సీసాలు, తడి టిష్యూలు, బలానికి పీల్చే జెల్ పొట్లాలు, చిరిగిన ట్యూబులు వారం వారం గట్టంతా పారేసి పోయేవారు. అత్త నడుం పట్టుకుని ఏరేది. గాలికి చెరువులో పడ్డవాటిని ఎవరు ఏరతారు? దాదాకి చెప్పి చూశాను. మీ అత్తే కదా వదిలేయమంది అని నవ్వి భుజం తట్టాడు. ఒళ్లు మండిపోయింది.

వానాకాలం వచ్చేసరికి ఆ ప్లాస్టిక్కంతా చెరువు తూములో ఇరుక్కుంది. నీళ్లు గట్టు పొర్లి, పెంచిన చేపలన్నీ ఊళ్లోవాళ్ల పొలాల్లోకి పోయాయి. ఇంటాయన కేకలేసే మనిషి కాదు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయమని నెమ్మదిగానే చెప్పాడు. నేను కాళ్లావేళ్లా పడితే ఒక్క మెట్టు దిగాడు: పారేసినవాళ్లు వచ్చి తమ చేతుల్తో ఏరి, తప్పయిందని తన ముఖాన చెబితే, అత్త అక్కడే ఉండొచ్చు.

దాదాకి ఫోన్ చేశాను. పాపం, గొంతు గద్గదమైంది మహానుభావుడికి. మీ అత్త మాకు తల్లిలాంటిది, ఆదివారం అందరం వస్తాం అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటాయనకి నేను పూచీ పడ్డాను.

ఆదివారం ఇంటాయన గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్త వాళ్ల కోసం మళ్లీ ఉప్మా చేసింది. ఛీ, ఆ మహానుభావులకి! ఎండ నెత్తికెక్కింది. ఇంటాయన లేచి, కుర్చీ పట్టుకుని వెళ్లిపోయాడు. పొద్దుట్నించీ నేను చేస్తూనే ఉంటే, ఆ తరవాత దాదా ఫోనెత్తాడు. వెనక నవ్వులు, సైకిలు బెల్లులు. అందరూ వేరే దారిన నది వైపు వెళ్లారట.

"అక్కడ మరీ మురికైపోయింది కదా, మనవాళ్లెవరూ రామన్నారు" అన్నాడు. "ఇటువైపు మీవాళ్లెవరైనా ఉన్నారా? కాస్త టిఫిను పెట్టేవాళ్లు?"

ఫోను పెట్టేశాను. మనుషుల్ని నమ్మినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అత్త గుమ్మంలోకి వచ్చింది.

"ఏటంట? ఎంత దూరంలో ఉన్నారంట?"

రారని చెప్పాను. అత్త లోపలికెళ్లి గిన్నెలు మూటకట్టడం మొదలుపెట్టింది.