క్రికెట్ మోచేతికి గోల్ఫ్ పాఠం

కొవిడ్ ఆంక్షలు ఎత్తేసిన తరవాత వచ్చిన మార్చిలో, ఐర్లండ్‌లో వాటర్‌ఫోర్డ్ దగ్గరి ఒక గోల్ఫ్ క్లబ్బులో నన్ను సహాయ శిక్షకుడిగా వేశారు. అంతకుముందు తొమ్మిదేళ్లు అక్కడే రేంజిలో పనిచేశాను. రేంజి అంటే జనం వరసగా నిలబడి బంతులు కొట్టి సాధన చేసే మైదానం. ఆ బంతులు ఏరి, కడిగి, బుట్టలకెత్తడం నా పని. మా పైఅధికారి హెడ్ ప్రొఫెషనల్ డెక్లన్. ఆట నేర్పే బాధ్యతంతా ఆయనది, కొత్తవాళ్లను మాత్రం నాకు వదిలాడు.

నా చదువు పదితో ఆగింది. గుంటూరులో పద్దెనిమిదేళ్లు ఏ సర్టిఫికెట్టూ లేకుండా క్రికెట్ నేర్పాను. నా భార్యకు ఇక్కడ నర్సు ఉద్యోగం రావడంతో వచ్చాం. గోల్ఫ్ నాకు ఎవరూ నేర్పలేదు. బంతులేరుతూ వందలమంది కర్ర ఊపే తీరు చూశాను, లైబ్రరీ పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చదువుకున్నవాళ్లకు సగం తెలిసినా చెల్లుతుంది, నాబోటివాడికి మొత్తం తెలిసి ఉండాలి. ఆ పంతం నాకు మొదటినుంచీ ఉంది.

కార్క్ నుంచి వచ్చే మన సాఫ్ట్‌వేర్ వాళ్లు, "క్రికెట్ వచ్చినోడికి గోల్ఫ్ ఎంతసేపు అంకుల్, బంతి కదలదు కదా" అనేవారు. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కదలకపోవడమే చిక్కు. వచ్చే బంతికి చెయ్యి తనంతట తాను కదులుతుంది. పడి ఉన్న బంతి దగ్గర మనిషికి ఆలోచించే తీరిక దొరుకుతుంది, ఆ తీరికే ముంచుతుంది. పైగా క్రికెట్‌లో తప్పు చేస్తే అవుటై వెళ్లి కూర్చుంటాం. గోల్ఫ్‌లో ఆ తప్పు వెనకాలే నడుచుకుంటూ వెళ్లి, అది పడ్డచోటి నుంచే మళ్లీ ఆడాలి.

చేతుల సంగతి మరీ మొండిది. బ్యాట్స్‌మన్‌కు మేం నేర్పేది ఎడమ మోచెయ్యి పైకి, బ్యాటు ముఖం చివరిదాకా నిటారుగా, బంతి నేలబారుగా. గాల్లో లేపితే క్యాచ్. గోల్ఫ్‌లో దెబ్బ తగిలాక కుడి ముంజేయి ఎడమదాని మీదుగా తిరగాలి, ఎడమ మోచెయ్యి మడతపడి కిందికి దిగాలి. క్రికెట్ చెయ్యి అలా తిరగదు. బంతి కుడివైపుకి వంకర పోతుంది.

సుధీర్ చెయ్యి అలాంటిదే. ఆ చేతిని తయారుచేసింది నేనే. గుంటూరులో పన్నెండో ఏట నా దగ్గర చేరాడు. భార్య రూత్ నర్సుగా వస్తే తనూ వచ్చి, ఒక గిడ్డంగిలో పెట్టెలు మోసేవాడు. ఐదేళ్లు రేంజిలో సాధన చేసి మంచి ఆటగాడయ్యాడు. చెయ్యి తిరగకపోయినా బంతి వంకర పోకుండా దెబ్బను పొట్టిగా మలుచుకున్నాడు. బంతి నడుమెత్తు లేచి, గాలి కిందుగా, తిన్నగా పోయేది. చూడటానికి క్రికెట్ డిఫెన్స్‌లా ఉండేది.

ఆ ఏడాది క్లబ్బులో శిక్షణ ప్రొఫెషనల్ పోస్టు ఒకటి పడింది. జీతమిస్తూ మూడేళ్లు ఆట నేర్పడం నేర్పిస్తారు. దానికి ముందు ఆటపరీక్ష ఉంటుంది. ఒకే రోజు పద్దెనిమిదేసి గుంతల రౌండ్లు రెండు ఆడి, నిర్ణయించిన దెబ్బల లెక్కలోపు పూర్తిచెయ్యాలి. సుధీర్ దరఖాస్తు పెట్టాడు. వయసు ముప్ఫై నాలుగు కాబట్టి మళ్లీ అవకాశమిస్తారని నమ్మకం లేదు. "ఇది వస్తే నడుం బెల్టు తీసేస్తా మాస్టారూ" అన్నాడు సుధీర్. పెట్టెలు మోసి మోసి నడుముకు బెల్టు కట్టుకునేవాడు.

డెక్లన్ నాతో ఒక్కటే చెప్పాడు. అతని దెబ్బ గ్రాండ్‌గా ఉంది, ముట్టుకోవద్దు అని. ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉంది, చాలు అని. నేను వినలేదు. మా దేశం కుర్రాడికి అది చాల్లే అని చులకనగా సర్దిచెబుతున్నాడనుకున్నాను. చలికాలమంతా సుధీర్ మోచెయ్యి దించాను. నేను ఎక్కించినదాన్ని నేనే దింపాలన్నది నా లెక్క. మోచెయ్యి ఒంటికి అంటి ఉండేలా చంకలో తువ్వాలు పెట్టి వేల బంతులు కొట్టించాను. రేంజిలో బాగానే వచ్చింది.

పరీక్ష మరుసటి ఏప్రిల్‌లో, సముద్రపు ఒడ్డు మైదానంలో పెట్టారు. పొద్దున్నించీ ఈదురుగాలి. మొదటి రౌండులో మూడో గుంత దగ్గరే సుధీర్ నా ఊపు వదిలేసి పాత దెబ్బకు పోయాడు. మిగతావాళ్ల బంతులు గాలికి కొట్టుకుపోతుంటే అతనివి నేలబారుగా పోయి దారిలో నిలిచాయి. రౌండు ముగిసేసరికి మొత్తం లెక్కలో సగానికి ఐదు దెబ్బలు తక్కువే పట్టాయి, ఆ ఐదూ చేతిలో మిగిలాయి.

మధ్యాహ్నం కారు దగ్గర రూత్ పంపిన పులిహోర తింటున్నాం. నేను ఆగలేక అడిగేశాను.

"ఐదు నెలలు నేర్పింది గాలికొదిలేసి బ్యాటూపుతున్నావేంట్రా?"

"గాలి బాగా ఉంది మాస్టారూ. ఇది నా చేతిలో ఉంది."

"రేపు నీ దగ్గరకొచ్చేవాళ్లకీ ఇదే నేర్పుతావా? మనోళ్లకి గోల్ఫ్ రాదు, క్రికెట్టే ఆడతారని చెప్పుకోరూ?"

సుధీర్ డబ్బా మూత పెట్టాడు. చిన్నప్పటినుంచీ నాకు ఎదురు చెప్పి ఎరగడు. "సరే మాస్టారూ, మీరన్నట్టే," అన్నాడు. కోచింగ్ రోజుల్లోలాగే వంగి నా కాళ్లకు దణ్ణం పెట్టి వెళ్లాడు. నేను ఆపలేదు, దీవించాను.

రెండో రౌండులో నేను నేర్పిన ఊపే ఊపాడు. పెద్ద ఊపు, ఎత్తు బంతి, దాని మీద గాలి. మొదటి నాలుగు గుంతల్లోనే ఆ ఐదు దెబ్బలూ పోయాయి. తొమ్మిదో గుంత దగ్గర బంతి గుట్ట మీది ముళ్లపొదల్లో పడింది. పాత దెబ్బకు మారాలని అక్కడ ప్రయత్నించాడు. అప్పటికి చెయ్యి రెండింటి మధ్యా ఆగిపోయింది, ఏదీ రాలేదు. చివరకు లెక్క కంటే నాలుగు దెబ్బలు ఎక్కువయ్యాయి.

స్కోరు కార్డు మీద సంతకం పెట్టి వచ్చి, "పర్లేదు మాస్టారూ, నాకే ప్రాక్టీసు చాల్లేదు," అన్నాడు. ఒక్క తిట్టు తిట్టినా నాకు తేలికగా ఉండేది.

పోస్టు వేరేవాళ్లకు పోయింది. భోజనాల దగ్గర నేనేమన్నానో డెక్లన్‌కు నేనే చెప్పాను. అతను నీ మాట వింటాడని నీకు తెలుసు కదా, అన్నాడు. ఆ వేసవిలో సుధీర్ ఆదివారం క్రికెట్‌కు వెళ్లాడు. వరసగా మూడు వారాలు బౌల్డ్. మోచెయ్యి లేవడంలేదు. గిడ్డంగి పని మాత్రం మానలేదు. నేను మరుసటి ఏడాది రిటైరయ్యాను.

చెయ్యి ఒకసారి నేర్చుకున్నది చెరిగిపోదు, దాని మీద ఇంకొకటి రాయబోతే రెండూ చదవరాకుండా పోతాయి. ఇది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, నేనూ చదివాను. పుస్తకంలో లేనిది ఇంకొకటుంది. ఎదురు చెప్పని శిష్యుడికి సలహా ఇస్తే అది సలహా కాదు, ఆజ్ఞ. పరీక్ష నడుమ నోరు మూసుకోలేని శిక్షకుణ్ణి మైదానం దరిదాపులకు రానివ్వకూడదు. ఆ రోజు నన్ను రానిచ్చారు.